సందేహాలు – సమాధానాలు: కీలకమా, తాళంచెవా?

సందేహం: క్రిప్టోగ్రఫీ లైబ్రరీలకు టెస్టు కోడ్ రాయడం మా పని. కొత్తగా చేరేవాళ్ల కోసం తెలుగులో ఒక వివరణ తయారుచేస్తూ 'వేరియబుల్ లెంగ్త్ కీ వాల్యూ' అన్నదాన్ని 'చర పొడవు కీలక విలువ' అని రాశాను. 'తాళంచెవి' అనే మాట ఉండగా కీలకం ఎందుకని మా తోటి ఉద్యోగి అభ్యంతరం. ఏది సాధువు?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

సమాధానం: మీరు అడిగింది కీలకం గురించి. నాకు మాత్రం మొదటి రెండు మాటల దగ్గరే కాలు తట్టుకుంది. 'చర పొడవు' సంస్కృతాన్నీ తెలుగునూ అతికించిన వైరి సమాసం. పోనివ్వండి, ఈ రోజుల్లో వైరి సమాసాలకు వైరులే లేరు. కానీ అర్థమూ కుదరలేదే! చరం అంటే కదిలేది, మారేది. హెచ్‌మ్యాక్ అంటే రహస్యమైన కీతో సందేశానికి ముద్ర వేసి, అది మారలేదని తేల్చే పద్ధతి. హెచ్‌మ్యాక్‌కు ఇచ్చిన 20 బైట్ల కీ పని మధ్యలో 21 బైట్లకు పెరగదు కదా. ఒక కీ 4 బైట్లు, ఇంకొకటి 131 బైట్లు ఉండవచ్చుననే ఆ ఇంగ్లీషు మాట భావం. 'వేర్వేరు నిడివుల' అంటే సరిపోతుంది. పొడవుకు పాత వాడుకలో ఎత్తు అనే అర్థమే ముందు. నిడివి ఉండగా దాన్ని లాక్కురావడం దేనికి?

ఇక కీలకం. సంస్కృతంలో కీలమంటే మేకు, చీల, సందులో దిగ్గొట్టే మర. మన కీలు, కీలుబొమ్మ, కీలుగుర్రం ఆ ఇంటివే. ఈ మాట విలువ తెలియాలంటే మంత్రశాస్త్రంలోకి వెళ్లాలి. విష్ణుసహస్రనామం పారాయణ చేసేవాళ్లు మొదట చెప్పే న్యాసంలో బీజం, శక్తి చెప్పాక 'శంఖభృన్నందకీ చక్రీతి కీలకమ్' అంటారు. రోజూ అనేవాళ్లలో ఎందరు ఆ మాట దగ్గర ఆగారో! దేవీమాహాత్మ్యానికి ముందు చదివే మూడింటి పేర్లు చూడండి: కవచం, అర్గళ, కీలకం. అర్గళ అంటే తలుపుకు వేసే అడ్డగడియ. కీలకస్తోత్రం ప్రకారం మహాదేవుడు ఆ దేవీమాహాత్మ్యాన్ని, అంటే సప్తశతిని, కీలించి పెట్టాడు. దాన్ని నిష్కీలం చేసుకుని చదివినవాడికే ఫలం. పాఠం దాపరికం కాదు, ఎవరైనా చదవవచ్చు. బిగింపు ఎక్కడుందో తెలియనివాడికి మాత్రం అది తెరుచుకోదు. 1883లో డచ్చి భాషావేత్త ఆగుస్ట్ కెర్కాఫ్స్ సైనిక సంకేతలిపి గురించి రాసినదీ ఈ తోవలోదే: పద్ధతి శత్రువు చేతికి చిక్కినా నష్టం ఉండకూడదు, గుట్టంతా కీలో ఉండాలి. ఇంత సరిగ్గా అమరిన మాట మన దగ్గరుంటే, పత్రికలవాళ్లు దాన్ని 'కీలక భేటీ', 'కీలక వ్యాఖ్యలు', 'కీలక పరిణామం' అంటూ పేజీకి పదిసార్లు వాడి అరగదీశారు. అన్నీ కీలకమైతే మేకు దిగేది దేంట్లో?

తాళంచెవి సంగతి. తాళం సంస్కృత తాళకం నుంచి వచ్చింది, గడియ అని అర్థం. చెవి దగ్గర పేచీ ఉంది. హిందీ చాబీ, తమిళ సావి పోర్చుగీసు 'చావె' నుంచి వచ్చినవి కనుక మన చెవీ ఆ ఓడలోనే దిగిందని కొందరంటారు. కన్నడిగులు బీగద కై, అంటే తాళపు చెయ్యి, అంటారు. పక్కింటి తాళానికి చెయ్యి ఉన్నప్పుడు మన తాళానికి చెవి ఉంటే ఓడల దాకా పోవాలా అని నాకనిపిస్తుంది. తేల్చి చెప్పను.

అయితే చెవి ఒక తాళానికి కొలిచి కోసినది. సమాచారాన్ని గుప్తలిపిలోకి మార్చే ఏఈఎస్‌కు ఆ పోలిక బాగా నప్పుతుంది: 16, 24, 32 బైట్లు తప్ప మరో నిడివి ఒప్పుకోదు. హెచ్‌మ్యాక్‌కు నప్పదు, ఎంత నిడివి ఇచ్చినా పుచ్చుకుంటుంది. షా-256 అనే హ్యాష్‌తో (ఎంత సమాచారాన్నైనా 32 బైట్లకు కుదించే లెక్క) వాడితే 64 బైట్లకు తక్కువైనదానికి చివర సున్నాలు నింపుతుంది, ఎక్కువైనదాన్ని ముందు హ్యాష్ చేసి 32 బైట్లకు కుదిస్తుంది. మీ టెస్టులను మోసం చేసేది ఈ సున్నాల నింపుడే.

హెచ్‌మ్యాక్ పరీక్షలున్న ఇంటర్నెట్ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 4231లోని రెండో పరీక్షలో కీ 'జెఫె', ఇంగ్లీషులో నాలుగక్షరాలు, 4 బైట్లు. సీ భాషలో దాన్ని స్ట్రింగుగా రాసి నిడివికి సైజాఫ్ (ఎన్ని బైట్ల చోటు పట్టిందో చెప్పేది) వాడితే, స్ట్రింగు ముగింపుకు సీ చేర్చే సున్నాతో కలిపి 5 వస్తుంది. నిడివి తప్పు, జవాబు ఒప్పు! హెచ్‌మ్యాక్ ఎలాగూ సున్నాలు చేరుస్తుంది కనుక మీరు ఒకటి ముందే చేర్చినా తేడా రాదు. మొదటి అయిదు పరీక్షలూ ఇలాగే పచ్చగా వెలుగుతాయి. 131 బైట్ల కీ ఉన్న ఆరు, ఏడు పరీక్షల్లో 132 బైట్లకు హ్యాష్ వేసినప్పుడే బండారం బయటపడుతుంది. అవి లేని టెస్టు ఫైలును రేపు బ్లేక్2 అనే మరో హ్యాష్‌కు మారిస్తే చిన్న కీలు కూడా విఫలమవుతాయి, ఎందుకంటే అది కీ నిడివిని కూడా లెక్కలో కలుపుకుంటుంది. తిట్లు మాత్రం కొత్త అల్గారిథమ్‌కు పడతాయి.

మొదటి సున్నా బైటు దాకా లెక్కపెట్టే సీ ఫంక్షన్ స్ట్ర్‌లెన్‌ది ఎదురు రోగం. ఏఈఎస్ ప్రమాణంలోని ఉదాహరణ కీ 00 01 02 అని మొదలై 0ఎఫ్‌తో ముగుస్తుంది. మొదటి బైటే సున్నా, కాబట్టి స్ట్ర్‌లెన్ చెప్పే నిడివి సున్నా. అందుకే టెస్టు పట్టికలో ప్రతి కీ పక్కనా నిడివిని విడిగా అంకెతో రాయాలి. లినక్స్ కెర్నెల్ టెస్టు వెక్టర్లలోనూ (ఇచ్చే కీ, రావలసిన జవాబు లాంటివి రాసిపెట్టిన పట్టికలు) దానికి వేరే గడి ఉంటుంది. కీని పెద్ద పూర్ణాంకంగా మార్చి తిరిగి బైట్లు చేసే కోడ్ ఇంకా చెడ్డది. ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. యాదృచ్ఛికంగా పుట్టించిన కీలలో సగటున 256కి ఒకటి 00తో మొదలవుతుంది, టెస్టు ఎప్పుడో ఒకసారి కారణం లేకుండా పడినట్టు కనిపిస్తుంది. జావాలో పెద్ద పూర్ణాంకాలకు వాడే బిగ్‌ఇంటీజర్ అయితే మొదటి బిట్ 1 ఉన్నప్పుడు ముందొక సున్నా బైటు తగిలించి 32ను 33 చేస్తుంది.

కీలెరిగి వాత పెట్టమన్నారు పెద్దలు. షా-256కు కీలు 64 దగ్గర ఉంది: 63, 64, 65 బైట్లతో పరీక్షించండి. షా-512కు కీలు 128 దగ్గర: 127, 128, 129. పాత ఆర్‌ఎఫ్‌సీ 2202లో పెద్ద కీ 80 బైట్లే, అది 128 దాటదు కనుకే 4231లో 131 కావలసి వచ్చింది. ఏఈఎస్‌కు 15, 17, 33 ఇచ్చి తిరస్కరిస్తుందో లేదో చూడాలి. ఖాళీ కీని మరవకండి: ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలోని పాత హెచ్‌మ్యాక్ ఫంక్షన్లకు కీ స్థానంలో నల్ (దేన్నీ చూపని పాయింటరు) ఇస్తే 'ఇంతకుముందు ఇచ్చిన కీనే వాడు' అని అర్థం. నల్ కాని పాయింటరూ, సున్నా నిడివీ ఇవ్వాలి.

'కీ' అనే ఉంచేస్తే పోదా అంటారేమో. పైన నేనూ వాడాను, ఒప్పుకుంటున్నాను. కానీ బహువచనం 'కీలు' అయి కూర్చుంటుంది, వాత పెట్టే కీలుకూ దానికీ తేడా తెలియదు.

మీ ఇద్దరి మాటలనూ, అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో కొలిచి చూడండి. తెలుగు కోడ్‌పాయింటు (అక్షరం, గుణింతపు గుర్తు లాంటి ముక్క) ఒక్కొక్కటి 3 బైట్లు. 'కీలకం' కంటికి మూడక్షరాలు, లోపల అయిదు కోడ్‌పాయింట్లు, 15 బైట్లు. ఏఈఎస్‌కు ఒక్క బైటు తక్కువ! 'తాళంచెవి' ఎనిమిది కోడ్‌పాయింట్లు, సరిగ్గా 24 బైట్లు. 24 బైట్ల కీ కోరే ఏఈఎస్-192 కిక్కురుమనకుండా పుచ్చుకుంటుంది. (నిజం కీగా మాత్రం వాడకండి, మాటల నుంచి కీ తీయడానికి వేరే పద్ధతులున్నాయి.) ఆ కన్నడ 'కై'ని మన లిపిలో టైపు చేస్తే ఐత్వం ఒక ముక్కగా ఉంటే 6 బైట్లు, రెండు ముక్కలుగా విడిపోతే 9. తెర మీద రెండూ ఒకటే, హెచ్‌మ్యాక్‌కు రెండు కీలకాలు.

నా మొగ్గు 'వేర్వేరు నిడివుల కీలకాలు' వైపు. ఏఈఎస్ అధ్యాయం వరకు మీ తోటి ఉద్యోగి తాళంచెవి అంటే తప్పనను. 'విలువ' మాత్రం ఇద్దరూ కొట్టేయండి.