అతని ముందు ఆమె ఆపుకోనక్కర్లేదు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి పూర్తిగా చదివానమ్మా. భాష బాగుంది, సంభాషణలు ఇంకా బాగున్నాయి. షేర్ ఆటోలో నాయిక గొంతులోంచి శబ్దం రాగానే పక్కావిడ చంటిబిడ్డను అటు తిప్పుకుందని ఒక్క వాక్యంలో చెప్పావు. ఆ వాక్యాన్ని ముట్టుకోకు. నా అభ్యంతరమల్లా ప్రేమ మొదలైన దగ్గర్నుంచే. హీరో చెయ్యి పట్టుకోగానే నాయిక టిక్స్, అంటే తన ప్రమేయం లేకుండా వచ్చే ఆ కదలికలూ శబ్దాలూ, ఆగిపోతాయి, పెళ్లయ్యేసరికి పూర్తిగా మాయమవుతాయి. ఈ టిక్స్ వచ్చే టూరెట్ సిండ్రోమ్ ఉన్నవాళ్ల జీవితం అలా నడవదు. పైగా నీ కథలోని అసలు ప్రేమ సన్నివేశం అక్కడే చేజారిపోయింది.

టిక్ వచ్చేముందు చాలామందికి ఒంట్లో ఒకచోట, మెడలోనో గొంతులోనో కళ్లలోనో, ఏదో బిగుసుకుంటున్నట్టు ఉంటుంది. తుమ్ము రాబోయేముందు ఉండే ఇబ్బంది లాంటిదది. ఆ కదలికో శబ్దమో బయటపడ్డాక కాసేపు తెరిపి. కొంతసేపు ఆపుకోవచ్చు గానీ, మనసంతా దానిమీదే పెట్టాలి. పెళ్లిచూపుల్లో ఆమె కూర్చున్న అరగంటను నువ్వు బయటినుంచి రాశావు: తల వంచుకుంది, సిగ్గుపడింది, అంతే. లోపలినుంచి రాయి. అబ్బాయి పెదనాన్న అడిగిన ప్రశ్న ఆమె చెవికెందుకు ఎక్కలేదో, గది దాటి పెరట్లోకి వెళ్లగానే మెడ ఎలా విదిలించుకుందో, అది చూసి వాళ్లమ్మ "ఇందాకటిదాకా బాగానే ఉన్నావు కదే, ఇప్పుడేమొచ్చింది?" అని ఎందుకు కసిరిందో మాకు తెలియాలి. కాసేపు ఆపుకోగలుగుతారు కాబట్టే ఇంట్లోవాళ్లు దీన్ని చెడ్డ అలవాటనీ, కావాలని చేస్తోందనీ అనుకుంటారు. ఆ అన్యాయం నీ నవలలో ఎక్కడా లేదు.

బయట బిగబట్టుకునే మనిషి నమ్మకమున్న చోట వదిలేస్తుంది. అంటే అతని పక్కన ఆమెకు టిక్స్ ఎక్కువే కనబడొచ్చు. మొదటిసారి అతని ముందు ఆపుకోవడం మానేసిన క్షణం ఉంది చూడు, దానికి ఒక అధ్యాయం ఇవ్వు. అతను ఏమీ చెయ్యనక్కర్లేదు. చెప్తున్న మాట ఆపకుండా చెప్పుకుపోతే చాలు. "పర్లేదు" అని కూడా అనిపించకు. ఆ ప్రస్తావన తెస్తేనే టిక్స్ పెరిగేవాళ్లున్నారు.

టూరెట్‌నీ యాంగ్జైటీనీ ఒకే ముద్ద చేశావు. మొదటిది నాడీ వ్యవస్థకు సంబంధించినది, ఎక్కువగా 5 నుంచి 7 ఏళ్ల మధ్య మొదలవుతుంది. రెండోది చాలామందిలో దానికి తోడుగా ఉంటుంది. టెన్షన్ వల్ల టిక్స్ పెరుగుతాయి, టిక్ వస్తుందేమోనన్న భయంతో టెన్షన్ పెరుగుతుంది, నిజమే. అయినా ఆమె భయాలన్నీ టిక్స్ చుట్టూనే తిరగాలా? నాన్న ఎక్కిన బస్సు ఆలస్యమైతే యాక్సిడెంటే అనుకోనీ. ఫోన్ ఎత్తేముందు ప్రతి మాటా లోలోపల అనుకోనీ.

ఆఫీసు మీటింగులో ఆమె నోట బూతులు వచ్చే సీను తీసెయ్. అలా వచ్చేది 10 మందిలో ఒకరిద్దరికే, అదీ నువ్వు నవ్వు కోసం పెట్టావు. డాక్టర్ చేత 1885లో ఫ్రెంచ్ వైద్యుడు జిల్ డ లా టూరెట్ 9 మంది రోగుల గురించి రాశాడని పేజీన్నర చెప్పించావు. నిజమే, కానీ ఆమెకు దానితో పనిలేదు. టిక్ రాబోతోందని పసిగట్టి, దానికి అడ్డుపడే ఇంకో కదలికను సాధన చేయించే చికిత్స ఉంది. డాక్టర్ అది నేర్పితే ఆమె విసుగుతో, మొండితనంతో చేసే సాధన కథకు పనికొస్తుంది.

ఇంకొకటి. ఆమె మగ్గం వర్క్ చేస్తుందని రెండో అధ్యాయంలో రాసి మర్చిపోయావు. ఇష్టమైన పనిలో మునిగినప్పుడు చాలామందికి టిక్స్ తగ్గుతాయి. హీరో రాకముందే ఆమెకు అలాంటి గంటలున్నాయని చూపించు. పెద్దయ్యాక చాలామందిలో తీవ్రత తగ్గుతుంది, కొన్నాళ్లు తగ్గి మళ్లీ పెరగనూవచ్చు. చివర్లో తగ్గించాలనుకుంటే అలాగే తగ్గించు, ఆ ఘనత అతనికి కట్టబెట్టకు.

టూరెట్ ఉన్న అమ్మాయి ఎవరైనా చదవడానికి ఒప్పుకుంటే, ఆమె సమయానికి డబ్బిచ్చి చదివించు, చెప్పింది రాసుకో. ముందుగా పెళ్లిచూపుల అధ్యాయం తిరగరాసి పంపు. మిగతాది తర్వాత చూద్దాం.