మహాప్రళయం, ఒండ్రుమట్టి: చర్చకు వెళ్లబోయే అమ్మాయికి ఒక లేఖ

చిరంజీవి మాధవికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. పూర్వం ఒకే ఒక మహాప్రళయం భూమినంతటినీ ముంచిందని, నేడు లోకం సాగు చేసుకుంటున్న సారవంతమైన మట్టి అంతా ఆ నీరు తెచ్చి పరచినదేనని, ఈ సంగతిని శాస్త్రవేత్తలు కావాలనే దాస్తున్నారని వాదించే ఒక పెద్దమనిషికి ఎదురుగా నిన్ను కూర్చోబెట్టారని, ఏమేమి చదువుకుని వెళ్లాలో చెప్పమని అడిగావు. నలభై ఏళ్లు మట్టి నమూనాలు పరీక్షించిన వాణ్ణి కాబట్టి పెద్ద జాబితాయే ఇవ్వగలను. కాని నీకు ముందు కావలసింది అది కాదు. ఆయన చెబుతున్న ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు మాటలు ముడిపడి ఉన్నాయి. వరద వచ్చిందన్నది ఒకటి, సారం ఆ వరదవల్లనే వచ్చిందన్నది మరొకటి, దాస్తున్నారన్నది మూడవది. మొదటిదానికి ఆధారం అడిగితే ఆయన రెండవదాన్ని చూపిస్తాడు, రెండవదాన్ని ప్రశ్నిస్తే మూడవదానిలోకి జారుకుంటాడు. అందువల్ల నీ వంతు రాగానే ఆ ముడి విప్పి, మూడింటినీ విడివిడిగా బల్ల మీద పెట్టి, ముందుగా దేన్ని మాట్లాడుకుందామని ఆయన్నే అడుగు.

కథలను తేలిక చేసి మాట్లాడవద్దు. సభలో కూర్చున్నవారిలో చాలామందికి అవి చిన్ననాట పెద్దలు చెప్పిన కథలు. నీవు వాటిని చూసి నవ్వితే, ఆ తరువాత నీవు మట్టి గురించి చెప్పే సత్యం కూడా వారి చెవికి ఎక్కదు. కథలు పాతవని, విలువైనవని ముందే ఒప్పుకో. 1872 డిసెంబరులో జార్జ్ స్మిత్ అనే ఆయన, ప్రాచీన అసీరియా నగరమైన నినెవే శిథిలాలలో దొరికిన మట్టి పలక మీద ఓడ, పక్షులు, కొండ మీద ఆగడం ఉన్న వరద కథను చదివి లండన్‌లో వినిపించాడు. కథ ఒక జాతి నుంచి మరొక జాతికి నడిచి వెళ్లగలదని లోకం స్పష్టంగా గుర్తించిన సందర్భాలలో అది ఒకటి. ‘ఇన్ని జాతులకు ఒకే కథ ఎలా ఉంది’ అని నీ ప్రతివాది అడిగితే, నదుల పక్కన, తీరాలలో బతికిన మనుషులకు వరదకంటే పెద్ద భయం ఏముంటుందని నీవు తిరిగి అడగవచ్చు. ఇంకా మంచి జవాబు ఏమిటంటే, అది ఒకే కథ కాదు. శతపథ బ్రాహ్మణంలోని మనువు కథలో లోకుల పాపం ప్రసక్తి లేదు, జంతువుల జంటలు లేవు. తాను కాపాడిన చేప చెప్పిన మాట విని ఆయన ఓడ కట్టుకుంటాడు, చివరకు ఒక్కడే మిగులుతాడు. సప్తర్షులు, సమస్త బీజాలు మహాభారతం చెప్పిన కథలో వచ్చి చేరాయి. చైనావారి యూ కథలోనైతే ఓడే లేదు. కాలువలు తవ్వి నీటిని సముద్రానికి మళ్లించిన పాలకుడి కథ అది. విత్తనాలు ఎప్పుడు ఓడ ఎక్కాయో చూపించగలిగితే, కథ పెరుగుతూ వచ్చిందని నీవు విడిగా వాదించనక్కరలేదు.

అలాగని కథలలో జ్ఞాపకమే లేదని అనవద్దు. గత మంచుయుగం పతాకస్థాయిలో ఉన్నప్పటికంటే నేడు సముద్రమట్టం సుమారు 120 మీటర్లు ఎక్కువ. ఆ పెరుగుదలలో మునిగిపోయిన తీరాల గురించి ఆస్ట్రేలియా ఆదివాసులు ఏడు వేల ఏళ్లకు పైగా నోటిమాటగానే చెప్పుకుంటూ వచ్చారని వాదించే పరిశోధకులున్నారు. ఆ వాదన నాకు నచ్చుతుంది కూడా. కాని వారు ప్రతి కథనూ ఒక తీరానికి, ఒక లోతుకు, ఒక కాలానికి కట్టి చూపిస్తారు. నీ ప్రతివాది ఆ పని చేశాడా అన్నదే నీ ప్రశ్న కావాలి.

నేటి ఇరాక్‌లోని ప్రాచీన నగరం ‘ఊర్’ తవ్వకాల సంగతి ఆయన తప్పక ఎత్తుతాడు. 1929 ప్రాంతంలో పురావస్తు శాస్త్రవేత్త లియొనార్డ్ వూలీ అక్కడ లోతైన గొయ్యి తీయించినప్పుడు, మనుషులు వాడిన వస్తువుల పొరల మధ్య ఏమీ లేని ఒండ్రు మూడు మీటర్ల వరకు కనిపించింది. ప్రళయపు ఆనవాలు దొరికిందని పత్రికలు మోత మోగించాయి. అక్కడికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎరిడులో తవ్వితే అటువంటి పొర కనబడలేదు. ఆ దేశంలోనే ఉన్న కిష్, షురుప్పాక్ అనే పాత నగరాలలో వరద పొరలున్నాయి గాని వాటి కాలం వేరు. నదులు పొంగాయి, ఊళ్లు మునిగాయి, వేర్వేరు సార్లు. పక్క ఊరిని కూడా ముంచని నీరు భూమినంతటినీ ముంచిందని ఎలా అంటామో ఆయన్నే చెప్పమను.

నీటి లెక్క కూడా ఒక్క నిమిషంలో చెప్పి ముగించు. గాలిలోని తేమ అంతా ఒకేసారి కురిసినా భూమి మీద సగటున రెండున్నర సెంటీమీటర్ల నీరే నిలుస్తుంది. మంచు ఖండాలన్నీ కరిగినా సముద్రం పెరిగేది 65–70 మీటర్లు. కొండలను ముంచడానికి అది చాలదు. ఇంతకు మించి అంకెలు చదివితే సభ నిద్రపోతుంది.

ఇక మట్టి. ఇక్కడ నేను ఒకసారి బోర్లా పడ్డాను కాబట్టి కొంచెం ఓపికగా విను. చాలా ఏళ్ల కిందట ఇలాంటి సభలోనే, వరద నేలకు సారం ఇస్తుందన్నంత వరకు ఎదుటివారు చెప్పింది నిజమేనని నేను ఉదారంగా ఒప్పుకున్నాను. వెనక వరుసలో నుంచి ఒక రైతు లేచి, ‘అయ్యా, కిందటేటి వరదకు నా పొలంలో మోకాలి లోతు ఇసుక మేట వేసింది. సారం ఏ మూల ఉందో వచ్చి చూపిస్తారా?’ అని అడిగాడు. సభ అంతా నవ్వింది. నేను పాఠాలలో చెప్పే సంగతినే సభలో మరిచిపోయాను. ఉరవడి మీద ఉన్న నీరు పైమట్టిని కోసుకుపోతుంది, జోరు తగ్గగానే ముందు గులకరాళ్లను, ఇసుకను వదులుతుంది, నిలకడగా నిలిచిన చోట మాత్రమే సన్నని ఒండ్రును, బంకమట్టిని దింపుతుంది. పొటాష్, భాస్వరం వంటివాటిని పట్టి ఉంచేది ఆ సన్నని రేణువులే. కాబట్టి ‘వరద సారం ఇస్తుందా’ అన్న ప్రశ్నకు అవునని గాని కాదని గాని చెప్పవద్దు. ఏ నీరు, ఎంత జోరు, పొలంలో ఏ చోట అని అడుగు.

ఆ నీరు సముద్రానిదైతే సంగతి మరీ విషమిస్తుంది. ఉప్పులోని సోడియం బంకమట్టి రేణువులను విడదీసి నేలను గట్టిపరుస్తుంది, నీరు ఇంకదు, వేరు దిగదు. 1953లో సముద్రం పొంగి నెదర్లాండ్స్ పొలాలను ముంచినప్పుడు అక్కడివారు నేలను తిరిగి దారికి తేవడానికి జిప్సం చల్లవలసి వచ్చింది. లోకమంతా సముద్రపు నీటిలో మునిగి తేలి ఉంటే మిగలవలసింది చౌడు నేల. ఈ ఒక్క మాటకు జవాబు సిద్ధం చేసుకుని వచ్చిన ప్రళయవాదిని నేను ఇంతవరకు చూడలేదు.

అప్పుడు ఆయన నైలు నదిని చూపిస్తాడు. చూపించనివ్వు, అది నీకే ఉపయోగపడుతుంది. నైలు ఒక్కసారి పొంగి ఊరుకోలేదు. వేల ఏళ్ల పాటు ఏటేటా పొంగి పలుచని పొర వేసింది, పోతూ పోతూ నేలలో పేరుకున్న ఉప్పును కడిగి పట్టుకుపోయింది. ఒండ్రు ఎంత ముఖ్యమో ఆ కడగడమూ అంతే ముఖ్యం. 1970లో అస్వాన్ పెద్ద ఆనకట్ట పూర్తయి వరద ఆగిపోయాక రైతులు ఎరువులూ కొనవలసి వచ్చింది, మురుగు కాలువలూ చూసుకోవలసి వచ్చింది. సారం పాతరలో పోసి మూసిన ధాన్యం లాంటిదని నీ ప్రతివాది అనుకుంటున్నాడు. ఏనాడో ఒకసారి నింపితే నేటికీ తీసుకుని తినవచ్చని ఆయన భావన. కాని పంట ప్రతి కోతకూ నేల నుంచి కొంత పట్టుకుపోతుంది, వానలు కొంత కడిగేస్తాయి. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1843 నుంచి ఒకే పొలంలో గోధుమ వేస్తూ, ఒక చాలుకు మాత్రం ఎరువన్నదే తగలనివ్వకుండా చూస్తున్నారు. అది హెక్టారుకు సుమారు ఒక టన్ను దగ్గర తచ్చాడుతూ ఉంది. ఎరువు వేసిన చాళ్లు దానికి ఎన్నో రెట్లు పండుతాయి. అయినా ఆ బీద చాలు పూర్తిగా గొడ్డుపోకపోవడానికి కారణం, రాయి నెమ్మదిగా కరగడం వల్ల, వాన వల్ల, గాలి నుంచి నత్రజనిని పట్టే సూక్ష్మజీవుల వల్ల కొత్తగా కొంత వచ్చి చేరుతూ ఉండడమే. అన్ని మంచి నేలలూ నీరు తెచ్చినవి కూడా కావు. అగ్నిపర్వతపు బూడిద నుంచి పుట్టినవి ఉన్నాయి, గాలి మోసుకొచ్చి పోసిన సన్నని దుమ్ముతో ఏర్పడినవి ఉన్నాయి. సహారా నుంచి ఎగిరే దుమ్ము సముద్రం దాటి అమెజాన్ అడవికి నేటికీ భాస్వరం చేరవేస్తోంది.

మూడవ మాట, దాస్తున్నారన్నది. దీనికి ఆయన భూగర్భ శాస్త్రవేత్త జె హార్లెన్ బ్రెట్జ్ పేరు ఎత్తితే కంగారు పడవద్దు, ఎందుకంటే ఆ కథ పూర్తిగా నిజం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో నల్లరాతి నేలను చీల్చుకుంటూ పోయిన లోతైన ఎండిన మార్గాలను చూసి, ఇవి ఒక భయంకరమైన వరద కోసినవని 1923లో ఆయన రాశాడు, పెద్దలు ఒప్పుకోలేదు. ప్రళయం వాసన తగిలినందుకే కొందరు ముక్కు మూసుకున్నారని నేను అనుకుంటాను, అది మా వృత్తికి గౌరవం కాదు. నీరు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు తరువాత జోసెఫ్ పార్డీ అనే మరో భూగర్భ శాస్త్రవేత్త జవాబు చూపించాడు. మంచు అడ్డుకట్ట వెనుక నిలిచిన మిజూలా సరస్సు గండిపడి ఖాళీ అయింది; అది పోయిన దారిలో ప్రవాహం వేసిన అలల గుర్తులు చిన్న గుట్టలంత ఎత్తున నిలిచి ఉన్నాయి. మంచు మళ్లీ అడ్డం పడడం, మళ్లీ గండిపడడం ఎన్నో సార్లు జరిగిందని ఆ తరువాత తేలింది. 1979లో, తొంభై దాటిన వయసులో, బ్రెట్జ్‌కు భూగర్భ శాస్త్రంలో పెద్ద గౌరవమైన పెన్‌రోజ్ పతకం ఇచ్చారు. నన్నూ ఆయనలాగే ఎగతాళి చేస్తున్నారని నీ ప్రతివాది అంటే, ఎగతాళి ఒక్కటే బ్రెట్జ్‌ను గెలిపించలేదని, ఆయన తన వరదకు హద్దులు గీసి, అది తాకని కొండలేవో కూడా చూపించాడని నెమ్మదిగా చెప్పు. ఇంకొక సంగతి, నీ చర్చకు ఇది బంగారం లాంటిది: ఆ వరద దారి పొడవునా మట్టిని గీకి రాతిని బయటపెట్టింది, అక్కడ నేటికీ నాగలి సాగదు, అదే నీరు జోరు తగ్గి నిలిచిన ఆరెగాన్‌లోని విల్లమెట్ లోయలో సన్నని ఒండ్రు దిగి మంచి పొలాలయ్యాయి. ఒకే నీరు ఒక చోట నేలను చంపింది, మరొక చోట పోషించింది.

ఆయన తాను స్వయంగా చేసిన కొలతలు తెచ్చినా తెస్తాడు. వాటిని అబద్ధమనవద్దు. వాన్ హెల్మాంట్ అనే పాతకాలపు శాస్త్రవేత్త ఒక కుండీలో తూచిన మట్టి పోసి, విల్లో మొక్క నాటి, ఐదేళ్లు నీరు మాత్రమే పోసి, చెట్టు 164 పౌండ్లు పెరిగితే మట్టి రెండు ఔన్సులే తగ్గిందని లెక్క తేల్చాడు. ఆయన మరణించాక 1648లో అది అచ్చయింది. తూకం ఎంతో శ్రద్ధగా వేసినదే. చెట్టు అంతా నీటితోనే తయారైందని ఆయన చెప్పిన తీర్పు మాత్రం తప్పు, ఎందుకంటే గాలి నుంచి చెట్టు ఏమి తీసుకుంటుందో ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు; ఆ రెండు ఔన్సులను కూడా ఆయన లెక్కలోని చిల్లర అనుకుని వదిలేశాడు. కొలత మీద తగవు పెట్టుకోకుండా, ఇదే కొలతకు మరే కారణం ఉండవచ్చునో ఆలోచించారా అని అడిగితే సంభాషణ మర్యాదగా సాగుతుంది. కొండల మీద దొరికే గవ్వలను ఆయన ప్రళయానికి సాక్ష్యంగా చూపినా అంతే. బైబిలు చెప్పిన నలభై రోజుల ప్రళయపు నీటిలో అంత మెల్లగా పాకే జీవి సముద్రం నుంచి అంత దూరం ఎలా చేరిందని లియొనార్డో డా విన్సీ ఐదు వందల ఏళ్ల కిందటే తన నోటు పుస్తకంలో ప్రశ్నించుకున్నాడు. గవ్వలు నిజమే, అవి నడిచి రాలేదు, సముద్రపు అడుగే కొండగా లేచింది.

వెళ్లేటప్పుడు ఒక గాజు సీసా తీసుకువెళ్లు. ఇసుక, ఒండ్రు, బంకమట్టి సమంగా వేసి, నీరు పోసి, చర్చ మొదలయ్యే ముందు అందరూ చూస్తుండగా బాగా కుదిపి బల్ల మీద పెట్టు. నీ వంతు వచ్చేసరికి ఇసుక అడుగుకు చేరి ఉంటుంది, దాని మీద ఒండ్రు దిగుతూ ఉంటుంది, బంకమట్టి మాత్రం ఇంకా నీటిలోనే తేలుతూ ఉంటుంది. ఒక్క వరద వేసే వరస అది: ముతక కింద, సన్నం పైన, ఒకే ఒక్కసారి. దాని పక్కన, ఏదైనా నది గట్టు కోతకు గురైన చోట నీవు స్వయంగా తీసిన ఫొటో ఒకటి పెట్టు. ముతక, సన్నం, మళ్లీ ముతక, మళ్లీ సన్నం; మధ్యలో వేర్లు పోయిన దారులు, పురుగుల బొరియలు, ఎండకు పగిలిన నెర్రెలు. నీటి అడుగున నేల నెర్రెలు విచ్చదు. నీవు అది చెప్పి ఆగిపో, ఆ నెర్రె ఎలా వచ్చిందో ఆయన్ని చెప్పనివ్వు. సీసా మూత గట్టిగా ఉందో లేదో మాత్రం ఇంట్లోనే చూసుకో; నా చొక్కా ఒకటి అలాగే పాడైంది.

ఇట్లు,
మీ పెదనాన్న