పూత నిండా ఉంది, పిందె నిలవట్లేదు: జిబ్బరెల్లిన్ కొట్టాలా?

ప్రశ్న: మా మామిడి చెట్లకి పూత బాగానే వస్తోంది కానీ పిందె పడట్లేదు. జిబ్బరెల్లిన్ (మొక్కల ఎదుగుదల హార్మోను) కొడితే పుప్పొడి బలంగా తయారవుతుందని ఎవరో చెప్పారు. పూత విచ్చుకున్నాక కొట్టొచ్చా?

జవాబు: దయచేసి ఆగండి, ఇప్పుడు కొట్టకండి. పుప్పొడి పువ్వు విచ్చుకున్నాక తయారయ్యేది కాదండి, మొగ్గ ఇంకా మూసుకుని ఉండగానే లోపల తయారైపోతుంది, విచ్చుకున్న పూత మీద ఏం కొట్టినా ఆ పుప్పొడి గింజ నాణ్యత మారదు, పైగా తడి తగిలితే కొన్ని గింజలు పగిలిపోతాయి కూడా.

మీకు చెప్పినాయన మాటలో కొంత నిజం ఉంది. పుప్పొడికి తిండి అందించే లోపలి పొర ఎదగాలంటే జిబ్బరెల్లిన్ కావాల్సిందే, అది చెట్టులో మరీ తగ్గితే గింజలు తాలు పోతాయి. అలాగని బయటి నుంచి ఎక్కువ ఇస్తే మేలు జరుగుతుందనుకోవద్దు. జపాన్‌లో డెలావేర్ ద్రాక్ష గుత్తుల్ని పూతకి సుమారు 2 వారాల ముందు 100 పీపీఎం జిబ్బరెల్లిన్‌లో ముంచుతారు, ఎందుకో తెలుసా, పుప్పొడి, అండం రెండూ దెబ్బతిని విత్తనం లేని పండు రావాలని! మామిడిలో అయితే మొగ్గ కట్టే టైంలో ఇస్తే పూతే వెనక్కి పోతుంది.

అసలు మీ పుప్పొడి బాగుందో లేదో ముందు చూడండి. 100 మి.లీ. నీళ్ళలో 10 గ్రాముల పంచదార, 10 మి.గ్రా. బోరిక్ యాసిడ్ కలిపి ఒక చుక్క గాజు పలక మీద వేసి, అప్పుడే విచ్చిన పువ్వు కేసరాన్ని దాంట్లో దులిపి, ఆరిపోకుండా తడి బట్ట ఉన్న డబ్బాలో మూతపెట్టి కొన్ని గంటలయ్యాక మైక్రోస్కోప్‌లో చూస్తే గింజలోంచి సన్నటి గొట్టం బయటికొచ్చి కనిపిస్తుంది. గొట్టం గింజ వెడల్పు కంటే పొడుగుంటేనే మొలిచినట్టు లెక్క. పుప్పొడి పరీక్షకి వాడే అసిటోకార్మైన్ రంగు గింజకి పట్టిందని సంబరపడొద్దు, రంగు పట్టిన ప్రతిదీ మొలవదు. ఇంకోటి, మామిడి పువ్వులో మామూలుగా ఒకటో రెండో కేసరాల్లోనే పుప్పొడి ఉంటుంది, అది చూసుకుని దులపండి.

మొలక సరిగ్గా లేకపోతే మొగ్గ దశలో రాత్రి చలి ఎంతుందో గుర్తు తెచ్చుకోండి, 10 డిగ్రీల కంటే తగ్గితే మామిడి పుప్పొడి పాడవుతుంది, ఏ హార్మోనూ దాన్ని బాగుచెయ్యలేదు. బోరాన్ లోపం ఉన్నా గొట్టం సాగదు, ఆకు పరీక్ష చేయించండి. మొలక బాగుంటే మాత్రం తప్పు పుప్పొడిది కాదు, పూత మీద ఈగలు వాలుతున్నాయో లేదో చూడండి, వాలకపోతే ఈ మధ్య కొట్టిన పురుగుమందు ఏంటో మాకు రాయండి.