దుప్పట్లు డిసెంబరులో, ఆకలి సెప్టెంబరులో

అమ్మాయీ,

నీకూ అల్లుడికీ పిల్లలకూ నా దీవెనలు. స్త్రీల సమాజం డబ్బుల లెక్క నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. ఆ పని నేను పందొమ్మిదేళ్లు చేశాను. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావని రాస్తున్నా.

ముందు నా పొరపాటు చెబుతా. ఒక క్రిస్మస్ నాడు ఆరాధన అయ్యాక విధవరాళ్లను పేరుపేరునా ముందుకు పిలిచి, దుప్పట్లు ఇప్పించి, ఫోటోలు తీయించాను. భలే జరిగిందని మురిసిపోయాను కూడా. వాళ్లలో ఒకామె ఈస్టర్ దాకా మళ్లీ గుడి గడప తొక్కలేదు. ఆ రోజు ఆమె వియ్యాలవారు వచ్చి వెనక వరసలో కూర్చున్నారట. నేను ఇంటికెళ్లి క్షమించమని అడిగాను. టీ ఇచ్చింది. దానితో పాటు దుప్పటీ తిరిగిచ్చింది, మడత కూడా విప్పలేదు.

బైబిల్లో విధవరాలు రూతు పరిగె ఏరుకోవడానికి వస్తే ఆ పొలం యజమాని బోయజు పనివాళ్లతో ఏమన్నాడో గుర్తుందా? పనల్లోంచి కొన్ని వెన్నులు కావాలనే లాగి వదిలేయండి, ఆమెను ఏమీ అనకండి అన్నాడు. ఆమె తన చేతులతో ఏరుకున్న గింజలే ఇంటికి పట్టుకెళ్లింది. మన మెదక్ గుడి కథా ఇలాంటిదే. కరువు రోజుల్లో మిషనరీ పోస్నెట్ దొరగారు జనానికి ఆ కట్టడంలో పని చూపించి తిండి పెట్టారు. 1924 క్రిస్మస్ నాడు దాని ప్రతిష్ఠ జరిగింది. అందుకే నువ్వు ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే చీకటి పడ్డాక, సంచిలో, మాటల మధ్య ఇచ్చేసి రా.

ఇక అసలు సంగతి. మన వరి ఊళ్లలో డిసెంబరుకి కోతలవుతాయి, కూలి ఇళ్లలో కూడా నాలుగు గింజలుంటాయి. సరిగ్గా అప్పుడే మనకు ప్రేమ పొంగుకొస్తుంది, ఒకే ఇంటికి మూడు కేకులు వెళ్తాయి! నాట్లూ కలుపులూ అయిపోయి కోతలింకా రాని సెప్టెంబరు, అక్టోబరుల్లో పని ఉండదు, కిరాణా కొట్లో అప్పు పెరుగుతుంది. జూన్‌లో బడులు తెరిస్తే నోటు పుస్తకాలు, ఆటో చార్జీలు. వానలు పడితే జ్వరాలు. కాబట్టి డిసెంబరు కానుకలో సగం ముట్టుకోకు. స్టార్ లైట్లకు కావాలని కమిటీవాళ్లు అడుగుతారు, నవ్వి ఊరుకో.

పిడికెడు బియ్యం డబ్బా మానొద్దు. రోజుకో పిడికెడు చొప్పున ఇరవై ఇళ్లు వేస్తే నెలకు పాతిక కిలోల బస్తా నిండుతుంది, నేను తూచి చూశాను. తినే బియ్యమే వెయ్యమని ముందే చెప్పు. పురుగు పట్టినవి ఏరి దేవుడికి వేసేవాళ్లు మన సమాజంలోనే ఉన్నారు.

కొన్నిటికి డబ్బు పనికిరాదు. మంచానపడ్డ మనిషిని చూసుకునే కోడలికి ఆదివారం రెండు గంటలు సెలవిస్తే చాలు, ఆమె గుడికొస్తుంది. ఆమె బదులు నువ్వో నేనో అక్కడ కూర్చోవాలి. యేసు చెప్పిన కథలో, దొంగల చేతిలో దెబ్బలు తిన్నవాణ్ణి సత్రంలో చేర్చి మంచి సమరయుడు ఇచ్చింది రెండు దేనారాలే, అంటే రెండు రోజుల కూలి. కానీ మళ్లీ వస్తాను, ఇంకేమైనా ఖర్చయితే ఇస్తాను అన్నాడు చూడు, మనం ఎగ్గొట్టేది ఆ మళ్లీ రావడాన్నే. పైగా ఆ దెబ్బలు తిన్నవాడు అతని జాతివాడు కూడా కాదు. నీ జాబితాలో సంఘం రిజిస్టరులో లేని ఇళ్లు ఎన్ని ఉన్నాయో చూసుకో.

ఒక మాట నీ గురించి. నీ తోడికోడలితో ఏడాదిగా మాటల్లేవని తెలిసింది. ఊరందరికీ బియ్యం పంచుతూ పక్కింటి తలుపు తట్టకపోతే ఎలా? మొన్న ఆవకాయ పెట్టావుగా, ఒక జాడీ పట్టుకెళ్లు. తప్పెవరిదో తేల్చకు, మామిడికాయ ధర గురించి మాట్లాడి వచ్చేయ్.

బడులు తెరిచే ముందు వస్తాను. చిట్టా రాసి ఉంచు, ఎవరికి ఏ తరగతి పుస్తకాలు కావాలో అందులో ఉండాలి. డబ్బాలో నాలుగు వేపాకులు వేసి మూత గట్టిగా పెట్టు.

మీ పెద్దమ్మ