మెక్సికో మందు మెజ్కాల్ కోసం అగేవ్ మొక్కల్ని నరుకుతూ పోతే కొండల్లో ఇంకేం మిగులుతుంది?

నరికిన చోట మళ్లీ వేయకపోతే ఏమీ మిగలదు. మన రాయలసీమ చేల గట్ల మీద కంచెగా కనిపించే కిత్తనార ఉంది కదా, దాని చుట్టాలే ఇవి. చిక్కేంటంటే అగేవ్ జీవితంలో ఒక్కసారే పూసి చచ్చిపోతుంది, మందు కాయడానికేమో పూతకాడ పైకి లేవకముందే కొట్టేయాలి, లేకపోతే మధ్య గడ్డలో దాచుకున్న చక్కెరంతా ఆ కాడకే పోతుంది. అంటే గింజ పడకుండానే మొక్క పోయినట్టు.

మెక్సికోలోని ఒవహాకాలో ఎక్కువగా వేసే ఎస్పదీన్ రకానికి పక్కన పిలకలొస్తాయి, మన అరటిలా వాటినే తీసి నాటుకుంటారు, 7-8 ఏళ్లకి కోతకొస్తుంది. తోబలా అనే రకం అలా కాదు, పిలకలు దాదాపు పెట్టదు, పైగా పదేళ్లు దాటినా ఆగాల్సి రావచ్చు. కాబట్టి కొన్నిటిని పూతకి వదిలేసి, గింజ తీసి, నర్సరీలో పెంచి వానల్లో కొండ మీద నాటాల్సిందే.

ఊరికే పిలకలతో నడిపినా ఇబ్బందే. టెకీలా అనే ఇంకో మందు తీసే బ్లూ అగేవ్ రకం తోటల్లో మొక్కలన్నీ ఒకదానికొకటి నకళ్లు, తెగులొస్తే అన్నిటికీ ఒకేసారి తగులుకుంటుంది. అందుకే రొడ్రీగో మెడెయీన్ అనే గబ్బిలాల సైంటిస్టు 5 శాతం మొక్కల్ని పూతకి వదలమంటాడు, రాత్రిళ్లు తేనెకోసం వచ్చే గబ్బిలాలే వీటికి పుప్పొడి మోసేది, అలా వదిలినవాళ్ల సీసాకి 'బ్యాట్ ఫ్రెండ్లీ' ముద్ర ఇస్తారు.

కట్టెల సంగతే ఎక్కువమందికి గుర్తురాదు. గడ్డల్ని గుంటలో కాల్చడానికీ బట్టీకీ బోలెడు కట్టె కావాలి, నన్నడిగితే అగేవ్‌తో పాటు ఆ చెట్లూ నాటేవాళ్లదే అసలు సాగు.