అవకలన సమీకరణాలను అంకెలతో సాధించడం నేర్చుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

న్యూమరికల్ మెథడ్స్ పేపర్‌లో అవకలన సమీకరణాల (ఒక రాశి ఎంత వేగంగా మారుతోందో చెప్పే సమీకరణాల) యూనిట్ మొదలైందనీ, సూత్రాలన్నీ ఒకేలా కనిపించి ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయనీ రాశావు. ఎం.ఎస్సీ. విద్యార్థులకు చాలా ఏళ్లు ఈ పాఠం చెప్పినవాడిగా నా మాట ఒక్కటే: సూత్రాన్ని కాదు, ఆ సూత్రం చేసే దోషం ఎలా నడుచుకుంటుందో చూడు. దోషం స్వభావం పట్టుబడితే సూత్రాలు గుర్తుపెట్టుకోవడం పెద్ద కష్టం కాదు.

కంప్యూటర్ తెరిచే ముందు ఒక కాగితం, కాలిక్యులేటర్ తీసుకో. సున్నా దగ్గర విలువ 1గా ఉండి, ప్రతిచోటా తన వాలు తన విలువకే సమానంగా ఉండే ప్రమేయాన్ని తీసుకుని, ఒకటి దగ్గర దాని విలువ కట్టు. అసలు జవాబు 2.71828 అని నీకు తెలుసు. ఉన్నచోటి వాలునే పట్టుకుని చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ పోయే ఆయిలర్ పద్ధతిలో స్టెప్ సైజ్, అంటే అడుగు పొడవు, 0.1 పెడితే 2.5937 వస్తుంది, అంటే దోషం 0.1245. స్టెప్‌ను 0.05కు తగ్గిస్తే 2.6533, దోషం 0.0650. మళ్లీ సగం చేసి 0.025 పెడితే 2.6851, దోషం 0.0332. స్టెప్ సగమైన ప్రతిసారీ దోషం కూడా దాదాపు సగమవుతోంది చూడు. ఇది మొదటి క్రమం పద్ధతి అనడంలో ఉన్న అర్థమంతా అదే. ఇప్పుడు అదే లెక్కను ఒక్కో స్టెప్‌లో నాలుగుసార్లు వాలు చూసి, వాటిని కలిపి ముందుకు వెళ్లే నాలుగో క్రమం రుంగే-కుట్టా పద్ధతిలో, సున్నా నుంచి ఒకటి వరకు ఒకే ఒక్క స్టెప్‌తో చెయ్యి. 2.7083 వస్తుంది, దోషం 0.01 మాత్రమే. ఆయిలర్ పద్ధతి నలభై సార్లు వాలు లెక్కగట్టి సాధించలేనిది ఇది నాలుగు సార్లలో సాధించింది. ఆయిలర్ తన పద్ధతిని 1768లో ప్రచురించాడు. రుంగే 1895లో, కుట్టా 1901లో దానిని మెరుగుపరిచారు. అన్నీ చేత్తో కట్టుకోవలసిన ఆ రోజుల్లో వాలును ఎన్నిసార్లు లెక్కగట్టాలన్నదే అసలు ఖర్చు కనుక, ఆ దృష్టితో చదివితే ఆ సూత్రాల్లోని గుణకాలు ఎందుకలా ఉన్నాయో నీకే తెలిసివస్తుంది.

జవాబు ముందే తెలియని సమస్యలో ఏం చేయాలని అడుగుతావు. అప్పుడూ స్టెప్‌ను వరుసగా రెండుసార్లు సగం చేసి, పక్కపక్క జవాబుల మధ్య తేడాలను పోల్చాలి. పై అంకెల్లో మొదటి తేడా 0.0596, రెండోది 0.0318, వాటి నిష్పత్తి రెండుకు దగ్గరగా ఉంది. నాలుగో క్రమం పద్ధతిలో అది రెండు నాలుగో ఘాతానికి, అంటే పదహారుకు, దగ్గరగా రావాలి. రాకపోతే ప్రోగ్రామ్‌లో తప్పైనా ఉండాలి, స్టెప్ మరీ పెద్దదైనా అయి ఉండాలి. గ్రాఫ్ నున్నగా వచ్చిందని సంతృప్తి పడే విద్యార్థులను చాలామందిని చూశాను. నున్నటి గ్రాఫ్ దేనికీ రుజువు కాదమ్మా.

ఎక్కువ సమయం కేటాయించవలసింది స్థిరత్వానికి, అంటే స్టెప్‌లు సాగేకొద్దీ లెక్క అదుపు తప్పకుండా ఉండటానికి. వాలు తన విలువకు మైనస్ 50 రెట్లు ఉండే సమీకరణాన్ని తీసుకుని, 1 నుంచి మొదలుపెట్టి, 0.1 స్టెప్‌తో ఆయిలర్ పద్ధతిలో నడిపించు. అసలు జవాబు మొదటి స్టెప్‌కే 0.0067కు పడిపోతుంది; నీ కాగితం మీద మాత్రం మైనస్ 4, 16, మైనస్ 64 అంటూ పెరిగిపోతుంది. స్టెప్ 0.04 కంటే తక్కువ ఉంటే తప్ప ఇది అదుపులోకి రాదు. వాలును స్టెప్ చివర తీసుకునే బ్యాక్‌వర్డ్ ఆయిలర్ పద్ధతిలో అదే 0.1తో ప్రతి విలువా ముందుదానిలో ఆరో వంతు అవుతూ బుద్ధిగా సున్నా వైపు నడుస్తుంది. ఇలా అదుపు కోసమే మామూలు ఆయిలర్ వంటి పద్ధతులకు మరీ చిన్న స్టెప్ కావలసివచ్చే సమీకరణాలనే స్టిఫ్ సమీకరణాలంటారు. రసాయన చర్యల లెక్కల్లో ఇవి తరచుగా ఎదురవుతాయి: 1966లో రాబర్ట్‌సన్ ఇచ్చిన మూడు పదార్థాల సమస్యలో ఒక రేటు 0.04 అయితే మరొకటి 3 కోట్లు. ఇది స్వయంగా చూసిన తరువాత, స్టెప్ ఎంత పెద్దదైనా ఇలా అదుపు తప్పని బహుళ-స్టెప్ రేఖీయ పద్ధతికి (వెనకటి కొన్ని స్టెప్‌ల విలువలనూ వాలులనూ కలిపి వాడుకునే పద్ధతికి) క్రమం రెండుకు మించదని 1963లో డాల్‌క్విస్ట్ నిరూపించిన సిద్ధాంతం చదువు.

పైథాన్ భాషలో గణిత లెక్కలకు వాడే సైపై వంటి రెడీమేడ్ ప్రోగ్రామ్ లైబ్రరీలు వాడవద్దని నేననను. కాకపోతే అందులో అవకలన సమీకరణాలు సాధించే సాల్వ్ ఐవీపీ అనే ఫంక్షన్‌కు నువ్వేమీ చెప్పకపోతే సాపేక్ష దోష పరిమితిని 0.001గానే తీసుకుంటుందని తెలిసి వాడు. జవాబులో పది అంకెలు కనిపించినా వాటిలో మూడింటికి మించి నమ్మకూడదు.

వచ్చే ఉత్తరంలోగా ఒక లెక్క చేసి పంపు. ఘర్షణ లేని స్ప్రింగ్ కదలికను, ద్రవ్యరాశి, స్ప్రింగ్ స్థిరాంకం రెండూ 1గా తీసుకుని, ఆయిలర్ పద్ధతిలో 0.1 స్టెప్‌తో వంద స్టెప్‌లు నడిపించి, ప్రతి స్టెప్‌కూ శక్తిని లెక్కగట్టు. శక్తి ప్రతిసారీ 1.01 రెట్లవుతూ చివరికి 2.7 రెట్లకు చేరుతుంది. ఆ తరువాత ఒక్క మార్పు చెయ్యి: స్థానాన్ని లెక్కించేటప్పుడు పాత వేగానికి బదులు అప్పుడే కట్టిన కొత్త వేగాన్ని వాడు. ఈసారి శక్తి కొద్దిగా ఊగుతుందే తప్ప పెరిగిపోదు. ఎందుకో నీ మాటల్లో, అర పేజీకి తగ్గకుండా రాయి.

ఇట్లు,
మామయ్య