కరెంటు వచ్చాక కెమెరా ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: నేను విశాఖలో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మానాన్నలు కాశీబుగ్గలో ఇద్దరే ఉంటారు. ఇంటి చుట్టూ నాలుగు కెమెరాలు పెట్టించాం. కరెంటు పోయి వచ్చాక ఒకటో రెండో కెమెరాలు తెర మీద నల్లగా ఉండిపోతున్నాయి. బిగించినాయన వచ్చి ఏదో సరిచేసి వెళ్తాడు, మళ్లీ మామూలే. నెట్ కంపెనీకి నెలనెలా డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ తీసుకుంటే గానీ ఇది ఆగదంటున్నాడు. నిజమేనా సార్?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ డబ్బు కట్టకండి. నెట్ కంపెనీ అమ్మే స్టాటిక్ ఐపీ బయటి నుంచి మీ ఇంటికి చేరే, మారని అడ్రసు. మీ కెమెరాకీ, వాటి వీడియో దాచే పెట్టె రికార్డరుకీ మధ్య పనిచేసేది ఇంటి లోపలి అడ్రసు, 192.168.1.23 లాంటిది. దాన్ని ఇచ్చేది మీ ఇంట్లోని రౌటరే. అందుకు పైసా కూడా కట్టక్కర్లేదు.

రౌటర్ ఆ అడ్రసుల్ని కొంత గడువుకే ఇస్తుంది. చాలా రౌటర్లు కరెంటు పోయి వస్తే ఎవరికి ఏది ఇచ్చాయో మర్చిపోతాయి, ముందు ఎవరు అడిగితే వాళ్లకి ఏదో ఒకటి ఇచ్చేస్తాయి. నిన్న 23లో (అడ్రసులో చివరి నంబరు అది) ఉన్న గేటు కెమెరా ఇవాళ 27కి పోతుంది, రికార్డరేమో ఇంకా 23 దగ్గరే దాన్ని వెతుకుతూ ఉంటుంది. కెమెరా బాగానే ఉంది, వైరూ బాగానే ఉంది, అడ్రసే మారింది.

ఒక్కో కెమెరాకి ఒక్కో అడ్రసు శాశ్వతంగా రాసిపెట్టేస్తే సరి. నన్నడిగితే అది రౌటర్లో చేయడమే మేలు. ఇంటి వైఫైలో ఉన్న ఫోన్లోనో ల్యాప్‌టాప్‌లోనో బ్రౌజర్ తెరిచి రౌటర్ అడ్రసు కొట్టండి (192.168.1.1 లేదా 192.168.0.1, రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది). లోపల డీహెచ్‌సీపీ (రౌటర్ తనంతట తాను అడ్రసులు పంచే ఏర్పాటు) అనే చోట ‘అడ్రస్ రిజర్వేషన్’ అనో ‘ఐపీ మ్యాక్ బైండింగ్’ అనో కనిపిస్తుంది. కెమెరా స్టిక్కర్ మీద ఉండే 12 అంకెలు, అక్షరాల మ్యాక్ అడ్రసు (ఆ కెమెరాకి కంపెనీ ఇచ్చిన సొంత గుర్తు) అక్కడ రాసి, దాని పక్కన మీకు నచ్చిన నంబరు ఇవ్వండి. రికార్డరుకి 20, కెమెరాలకి 21 నుంచి 24 దాకా ఇచ్చారనుకోండి, గుర్తుపెట్టుకోవడం తేలిక. కొన్ని రౌటర్లు తాము పంచే నంబర్లలోంచే ఇమ్మంటాయి, అప్పుడు వాటిలోంచే ఎంచుకోండి. ఇది పనిచేయాలంటే కెమెరా సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ ఆన్‌లో ఉండాలి. ఆ తర్వాత రికార్డర్లో కూడా ఈ కొత్త నంబర్లే ఎక్కించి, అన్నిటినీ ఒకసారి ఆపి వేసి చూడండి.

మీ రౌటర్లో ఆ సదుపాయం లేకపోతే ఒక్కో కెమెరా లోపలికి వెళ్లి అడ్రసు చేత్తో రాయాలి. ఇక్కడే చాలామంది ఇబ్బంది పడతారు. రౌటర్ 2 నుంచి 254 దాకా పంచుతూ ఉంటే, మీరు కెమెరాకి రాసిన 23నే ఏదో రోజు ఇంకొకరికి ఇచ్చేస్తుంది. సంక్రాంతికి చుట్టాలందరూ దిగి వాళ్ల ఫోన్లన్నీ వైఫైకి ఎక్కగానే గేటు కెమెరా వస్తూ పోతూ ఉంటుంది, కారణం ఎంతకీ అంతుబట్టదు. అందుకని ముందు రౌటర్ పంచే నంబర్లు 100 నుంచి 200 దాకా మాత్రమే ఉండేలా మార్చి, కెమెరాలకి 100 లోపువి వాడండి. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే దగ్గర రౌటర్ అడ్రసు. డీఎన్ఎస్ (నెట్‌లోని పేర్లకి అడ్రసులు వెతికిపెట్టేది) గడి ఖాళీగా వదలకండి, అక్కడా రౌటర్ అడ్రసే ఇవ్వొచ్చు. అది లేకపోతే నెట్‌లోంచి సరైన టైమ్ తెచ్చుకోలేక కెమెరా గడియారం తప్పవచ్చు, తేదీ తప్పిన వీడియో పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్తే దానికి ఏం విలువ ఉంటుంది?

ఇంకో మాట. హిక్‌విజన్ కెమెరాలు చాలావరకు 192.168.1.64తో, దహువా కెమెరాలు 192.168.1.108తో వస్తాయి. ఒకే కంపెనీవి నాలుగూ ఒకేసారి తగిలిస్తే నాలుగూ ఒకే నంబరు మీద కొట్టుకోవచ్చు. ఒక్కొక్కటిగా తగిలించి, నంబరు మార్చాకే రెండోదాని జోలికి వెళ్లండి.

నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసి రికార్డర్ దగ్గర పెట్టమని నాన్నగారికి చెప్పండి. రేపు నెట్ వాళ్లు రౌటర్ మార్చేస్తే ఇదంతా మళ్లీ చేయాలి.

ప్రశ్న: మాది బొబ్బిలి. హైదరాబాద్ నుంచి ఇంటి కెమెరా చూడటానికి రౌటర్లో పోర్ట్ తెరవమంటున్నారు. తెరవచ్చా?
– మరో పాఠకుడు

జవాబు: వద్దు. పోర్ట్ అంటే బయటి నెట్ నుంచి మీ ఇంటి లోపలికి వచ్చే తలుపు లాంటిది. మీరు అది తెరిస్తే మీతోపాటు ప్రపంచంలో ఎవరైనా ఆ తలుపు తట్టొచ్చు. 2016లో మిరాయ్ అనే వైరస్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, రికార్డర్లను లక్షల్లో పట్టుకుని పెద్దపెద్ద వెబ్‌సైట్ల మీదికి ఉసిగొల్పింది. పైగా చాలా కనెక్షన్లలో బయటి అడ్రసు ఒక్కటే ఎన్నో ఇళ్లకి కలిపి ఉంటుంది, అక్కడ పోర్ట్ తెరిచినా పనిచేయదు. కెమెరా కంపెనీ యాప్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి చూడండి, మీ అవసరానికి అది చాలు. పాస్‌వర్డ్ మాత్రం ఇవాళే మార్చి, రౌటర్లో యూపీఎన్‌పీ (ఇంట్లోని పరికరాలు అడిగితే పోర్టులు తెరిచే సదుపాయం) ఆన్‌లో ఉంటే ఆపేయండి, లేకపోతే కెమెరా మీకు చెప్పకుండానే పోర్ట్ తెరిపించుకోగలదు.